మా గూడెంలో ఎంతమందిమి?

మా గూడెంలో ఎంతమంది ఉన్నారని ఎవరైనా అడిగితే నా దగ్గర నాలుగు జవాబులు ఉన్నాయి. ఓటర్ల జాబితా ఒక అంకె చెబుతుంది. రేషన్ కార్డుల్లోని పేర్లు కూడితే ఇంకో అంకె వస్తుంది. అంగన్‌వాడీ టీచర్ రిజిస్టరులో మూడోది ఉంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవవు. ఓటర్ల జాబితాలో చనిపోయిన ఇద్దరు ఇంకా ఓటర్లే. పెళ్ళయి మా గూడేనికి వచ్చిన కోడళ్ళు కొందరు కాగితాల్లో ఇంకా పుట్టింట్లోనే ఉన్నారు. చదువు కోసం ఆశ్రమ పాఠశాలకు పోయిన పిల్లలు ఒకచోట ఉన్నారు, ఒకచోట లేరు.

నాలుగో జవాబు మా పెద్దమ్మది. ఆమెకు అక్షరం ముక్క రాదు. "మనం ఎంతమందిమి పెద్దమ్మా?" అని అడిగితే ఆమె మనుషుల్ని లెక్కపెట్టదు. గూడెం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వేలు చూపిస్తూ పొయ్యిలు లెక్కపెడుతుంది. మిరపకోతకు పోయి ఇంకా తిరిగిరాని కుటుంబం పొయ్యి కూడా ఆమె లెక్కలో ఉంటుంది. ముసలాయన పోయాక తలుపు వేసిన ఇంటి దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఇదీ పొయ్యే" అని దాన్నీ కలుపుతుంది.

అయిదో చోట కూడా వెతికాను. అది జనగణన. అక్కడ మా గూడెం లేనే లేదు. జనగణన ప్రచురించే ఊరివారీ అంకెలు రెవెన్యూ గ్రామానికి సంబంధించినవి. ఆ రెవెన్యూ గ్రామం కింద ఉన్న గూడేలు, పాలేలు, తండాలు అందులో విడిగా కనిపించవు. మా మనుషులందరూ వాగుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో ఊరి అంకెలో కలిసిపోయి ఉన్నారు. మనుషులు లెక్కకు వచ్చారు, ఊరు రాలేదు.

గూడెం పేరు ఇక్కడ రాయడం లేదు. చింతూరు వైపు శబరికి దగ్గర్లో ఉన్న ఒక కోయ గూడెం అది. అలాంటివి ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. మీ గూడెం పేరు పెట్టుకుని చదివినా తేడా రాదు.

ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు కూడికలు, తీసివేతలు చెబుతున్నవాణ్ణి. లెక్క అంటే నాకు గౌరవం. అయినా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. లెక్కలో లేని ఊరు ఊరు కాదా? ఊరు ఉన్నట్టు చెప్పాల్సింది ఎవరు? దీని వెనకాలే ఇంకో ప్రశ్న ఉంది. అది మనల్ని మనం వేసుకోవాల్సింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదట చరిత్ర చూద్దాం. మా ప్రాంతం చరిత్ర రాయాలంటే మేము ఎక్కడి నుంచి ఎక్కడికి పోయామో రాయనక్కర్లేదు. రాజ్యాలు మా మీదుగా ఎలా నడిచాయో రాస్తే చాలు. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చాడు. కొంతకాలం మధ్య పరగణాల కింద ఉంది. 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం డివిజన్‌ను ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు పోలవరం ముంపు కోసం ఖమ్మం నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం అలా తూర్పుగోదావరికి వచ్చాయి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఇన్ని మార్పుల్లోనూ మా వాళ్ళు అదే వాగు నీళ్ళు తాగారు, అదే చెట్టు కింద భూమి పండుగ చేశారు. మా పెద్దమ్మ ఒక్క ఇంట్లోనే ఉండి రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూసింది.

అందుకే నేను పిల్లలకు ఒక మాట చెబుతాను. ఊరుకు హద్దులు పైనుంచి వస్తాయి. ఊరు మాత్రం కింది నుంచే వస్తుంది. విత్తనాల పండుగ ఎవరితో కలిసి చేస్తాం, చావుకు ఎవరు వస్తారు, తగువు ఎవరి ముందు తీరుతుంది, మన పెద్దల జ్ఞాపకంగా నిలిపిన రాళ్ళు ఎక్కడ ఉన్నాయి అన్నవాటిని బట్టి ఊరు ఏర్పడుతుంది. ఇది నా ఊహ మాత్రమే కాదు. 1996లో వచ్చిన పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామం అంటే ఏమిటో చెప్పింది. ఒక ఆవాసం గానీ, కొన్ని ఆవాసాలు గానీ, ఒక గూడెం గానీ, కొన్ని గూడేలు గానీ, సంప్రదాయాల ప్రకారం తమ వ్యవహారాలు తాము చూసుకునే సమాజం ఉన్నచోటు గ్రామం. అందులో జనాభా ఇంత ఉండాలన్న షరతు లేదు. మా పెద్దమ్మ వేలు చూపించి చెప్పే ఊరికి ఈ చట్టం చాలా దగ్గరగా ఉంది.

మనకు లెక్కలు కొత్త కాదు. కోయల్లో మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఉన్న వరస అంకెలతోనే నడుస్తుంది. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరికి ఎవరు పెళ్ళి వరస అన్నది ఆ గట్టు చెబుతుంది. ఒకే గట్టులో పెళ్ళి లేదు. పడిగె చూపించి వంశాల కథ చెప్పే కళాకారులు తరాల పేర్లు నోటితో అప్పజెబుతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య కంచుతాళం, కంచుమేళంతో పాడింది అలాంటి కోయ వీరుల కథలే. సర్కారు లెక్క ఎంతమంది ఉన్నారని అడుగుతుంది. మన లెక్క నువ్వు నాకు ఏమవుతావని అడుగుతుంది. రెండూ లెక్కలే. ఒకటి తెలిస్తే రెండోది అక్కర్లేదని అనుకోవడం పొరపాటు.

సర్కారు లెక్క అంటే మన పెద్దలకు భయం ఉండేది. చదువుకున్న మేము కొన్నాళ్ళు దాన్ని చూసి నవ్వాం. గొలుసు పట్టుకుని కొలవడానికి మనిషి వస్తే ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని అడవిలోకి పోయేవాళ్ళని మా నాన్న చెప్పేవాడు. తర్వాత చరిత్ర చదివితే ఆ భయం అజ్ఞానం కాదని, అనుభవమని అర్థమైంది. అడవిలో రిజర్వు హద్దులు గీసినప్పుడు లెక్క మనుషుల కోసం జరగలేదు, కలప కోసం జరిగింది. ఆదిలాబాద్ అడవుల్లో గోండు, కోలాం గూడేలను రిజర్వు ఫారెస్టు పేరుతో ఖాళీ చేయించారు. తరాలుగా ఉన్న గూడెం గీత లోపల పడేసరికి ఆక్రమణ అయింది. ఆ అన్యాయం మీదే కొమురం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల చేతిలో అమరుడయ్యాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపి గిరిజనుల పరిస్థితి తెలుసుకుంది. మార్లవాయిలో గోండి పిల్లలకు పాఠాలు, భూములకు పట్టాలు ఆ తర్వాత వచ్చినవే. అంటే మనం లెక్కకు వచ్చే ముందు చాలామంది ప్రాణాలు ఇవ్వాల్సి వచ్చింది.

కాబట్టి లెక్కలోకి రాకుండా దాక్కుందామా? ఆ దారి కూడా లేదు. ఈ కాలంలో లెక్కలో లేకపోవడం వల్ల జరిగే నష్టం నేను రోజూ చూస్తున్నాను. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 సంవత్సరంలో మొదలైంది. 2001 జనాభా లెక్క ప్రకారం మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు అన్నారు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకంలో కొండరెడ్ల వంటి తెగల ఆవాసాలకు దాన్ని 100కు తగ్గించారు. ఈ సంగతి అయిదో తరగతిలో చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి, "249 మంది ఉంటే వాళ్ళు నడవరా సార్?" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి పోయాక మాత్రం నవ్వు రాలేదు.

ఆ పిల్లవాడి ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతుకుదాం. ప్రభుత్వం దగ్గర ఉన్న డబ్బు ఒకేసారి అన్ని ఊళ్ళకూ చాలదు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. ఎక్కువమంది ఉన్నచోట మొదలుపెట్టడం అన్యాయం కాదు. ఇది నేను ఒప్పుకుంటాను. అయితే ఎవరికి ముందు అన్న ప్రశ్నకు అంకె జవాబు చెప్పగలదు. ఎవరికి అసలే అక్కర్లేదు అన్న ప్రశ్నకు అంకె జవాబు చెప్పలేదు. వరసలో చివర నిలబెట్టడం వేరు, వరసలోంచి తీసేయడం వేరు. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి మోసుకెళ్ళేటప్పుడు, ఆమెది ఎంతమంది ఉన్న ఊరో ఆమె నొప్పికి తెలియదు.

ఇంకో మాట. మన గూడేలు చిన్నవిగా ఉండటం లోపం కాదు. కొండవాలు నేల, ఒక వాగు, చుట్టూ ఇప్పచెట్లు, తునికాకు, చింత ఎంతమందిని పోషించగలవో అంతమందే అక్కడ ఉంటారు. పెరిగితే ఒక కొమ్మ విడిపోయి ఇంకో వాగు దగ్గర గూడెం కడుతుంది. అడవితో బతకడం తెలిసిన పద్ధతి అది. ఆ పద్ధతినే తర్వాత వెనకబాటుతనం అన్నారు. ఒక గీత పైన ఉన్నవాడు ఉన్నట్టు, కింద ఉన్నవాడు లేనట్టు అయింది. ముంపు ప్రాంతంలో ఉన్న మాకు గీతల సంగతి బాగా తెలుసు. 41.15 మీటర్ల కాంటూరు అని ఒకటి, 45.72 మీటర్లు అని ఒకటి. ఏ గీత కింద ఉన్నావన్న దాన్నిబట్టి నువ్వు నిర్వాసితుడివో కాదో, ఎప్పుడవుతావో తేలుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వరద ఆ గీతల్ని చూసి ఆగలేదు.

ఇంతవరకూ చదివి, అన్యాయం అంతా మనకే జరిగిందని మీకు అనిపించవచ్చు. ఇప్పుడు రెండో ప్రశ్న దగ్గరికి వస్తాను. లెక్కపెట్టే కలం మన చేతికి వచ్చినప్పుడు మనం ఏం చేశాం?

చాలా ఏళ్ళ కిందట, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, గూడెం ఇళ్ళ వివరాలు రాసిమ్మని అడిగారు. మంచినీళ్ళ బోరుకు, దోమతెరలకు ఆ కాగితమే ఆధారం అన్నారు. గూడెంలో చదువుకున్నవాణ్ణి నేనే. సాయంత్రం పెద్దలందరూ కూర్చుని చెబుతుంటే రాశాను. అప్పటికి వాగు అవతల ఏడు గుడిసెలు వెలిశాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ ఊళ్ళ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళను ఇక్కడ గొత్తికోయలు అంటారు. మాట కొద్దిగా తేడాగా ఉంటుంది గాని వాళ్ళ పాటలో సగం మాకు అర్థమవుతుంది. వాళ్ళ పేర్లు రాయబోతే పెద్దలు వద్దన్నారు. "వాళ్ళను రాస్తే రేపు పోడు కూడా వాళ్ళదంటారు. కొత్తగా చెట్లు కొట్టింది మనమేనని ఫారెస్టోళ్ళు మన మీద కేసులు పెడతారు. వచ్చేది నాలుగు బస్తాలైతే అందులో వాళ్ళకూ వాటా" అన్నారు. నేను కలం మూసేశాను.

దోమతెరలు వచ్చాయి. కాగితంలో ఎన్ని ఇళ్ళుంటే అన్నిటికే వచ్చాయి. బోరు వాగుకు ఇటువైపే పడింది. ఆ వర్షాకాలం అవతలి గుడిసెల్లో జ్వరాలు వచ్చాయి. వాగు దాటి నా బడికి వచ్చే ఒక పిల్ల నెల రోజులు రాలేదు. వచ్చినప్పుడు పలక పట్టుకునే బలం కూడా లేదు. దోమతెర ఉంటే ఆ పిల్లకు జ్వరం రాకపోయేదని నేను ఖచ్చితంగా చెప్పలేను. కాని ఆ ఇంటికి దోమతెర రాకపోవడానికి కారణం మాత్రం నాకు ఖచ్చితంగా తెలుసు. ఏ ఆఫీసరూ ఆ పని చేయలేదు. నా చేతిరాత చేసింది.

పెద్దల భయం తప్పని నేను ఇప్పటికీ అనను. మా భూమి ముంపులో పోతోంది, మిగిలింది రిజర్వు అంటున్నారు. ఉన్న కొంచెంలోంచి ఇంకొకరికి వాటా అంటే ఎవరికైనా గుండె జారుతుంది. చట్టాలు కూడా ఈ చిక్కును తీర్చలేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి అడవిలో ఉన్నవాళ్ళకే హక్కు అంది. ఒక రాష్ట్రంలోని ఎస్టీ గుర్తింపు ఇంకో రాష్ట్రానికి దానంతట అది రాదు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. కాని దానివల్ల ఊరు వదిలినవాళ్ళకు ఊరు తిరిగి రాలేదు.

అయినా, ఎన్నో ఏళ్ళు ఆలోచించాక నాకు ఒక విషయం తేటపడింది. ఇక్కడ ఎవరున్నారు అన్నది ఒక ప్రశ్న. ఎవరికి ఎంత అన్నది వేరే ప్రశ్న. రెండోదాని గురించి మనం కూర్చుని మాట్లాడుకోవచ్చు, వాదించుకోవచ్చు, చట్టం అడగవచ్చు, కాదనవచ్చు కూడా. మొదటిదానికి మాత్రం ఒకటే జవాబు ఉంది, అది ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఇవ్వాల్సి వస్తుందని భయపడి, మనిషే లేడని రాయడం అబద్ధం. రిజర్వు గీత గీసినవాడు మన తాతల విషయంలో చేసింది సరిగ్గా అదే. భూమి ఇవ్వడం ఇష్టం లేక ఊరే లేదన్నాడు. నేను వాగు అవతలివాళ్ళ విషయంలో అదే చేశాను. వాడి దగ్గర బలం ఉంది, నా దగ్గర భయం ఉంది. అవతలి ఒడ్డున ఉన్నవాడికి ఆ తేడా వల్ల ఒరిగింది ఏమీ లేదు.

జనగణనలో నాకు నచ్చే నియమం ఒకటుంది. అక్కడ ఉన్న ప్రతి మనిషినీ రాయాలి. ఏ రాష్ట్రం నుంచి వచ్చావు, నీకు పట్టా ఉందా, రేషన్ కార్డు ఉందా అన్నది లెక్కలో చేరడానికి షరతు కాదు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఎన్యుమరేటర్లు వీధుల్లో, స్టేషన్లలో ఇల్లు లేనివాళ్ళను వెతికి రాశారు. మనిషి ఉన్నాడు కాబట్టి లెక్కలో ఉండాలి, అంతే. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. ఇప్పుడు 2027కు ప్రకటించారు. ఎప్పటిలాగే టీచర్లం చాలామందిమి ఆ పనికి వెళతాం. ఈ పుస్తకం చదువుతున్న మీలో కొందరు కూడా వెళతారు.

వెళ్ళేవాళ్ళకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. మాతృభాష దగ్గర అడగకుండా తెలుగు అని రాయకండి. 2011లో కోయ భాష మాతృభాషగా దేశం మొత్తంలో నమోదైనవాళ్ళు 4,07,423 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కోయ తెగవాళ్ళు అయిదున్నర లక్షలకు పైగా ఉన్నారు. నిజంగానే భాష మరిచిపోయినవాళ్ళు కొందరు, సిగ్గుపడి చెప్పనివాళ్ళు కొందరు. అడగకుండానే ఎవరో రాసేసినవాళ్ళు కూడా కొందరు ఉంటారని నా అనుమానం. ఆ చివరి తప్పు మన చేతిలో ఉంది, అది జరగకూడదు. రోడ్డు ఆగిపోయినచోట లెక్కను ఆపకండి. వాగు దాటండి.

యువతకు చెప్పేది ఇంకొకటి. సర్కారు వచ్చి లెక్కపెట్టేదాకా ఆగనక్కర్లేదు. ప్రతి గూడేనికీ ఒక నోటు పుస్తకం పెట్టండి. గూడెం పేరు ఎలా వచ్చింది, మొదట పొయ్యి పెట్టింది ఎవరు, ఏ గట్టువాళ్ళు ఎన్ని ఇళ్ళు, నిలువు రాళ్ళు ఎక్కడ, పాత బావి ఎక్కడ, శ్మశానం ఎక్కడ, వేల్పులు ఎక్కడ అన్నవి రాయండి. ఇది ముచ్చట కోసం చెప్పడం లేదు. అటవీ హక్కుల చట్టం 3(1)(హెచ్) సెక్షన్ కింద అడవిలోని పాత ఆవాసాలను, సర్వే కాని గ్రామాలను రెవెన్యూ గ్రామాలుగా మార్చమని అడిగే హక్కు ఉంది. ఆ చట్టం నియమాల్లో ఇళ్ళు, బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు సాక్ష్యాలే. హక్కు అడుగుతున్నవాళ్ళు కాకుండా మిగతా పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అది కూడా సాక్ష్యమే. అంటే మీ అవ్వ మాటకు చట్టంలో విలువ ఉంది. ఆమె ఉన్నప్పుడే రాయాలి. ఒక్క షరతు. మనకు అక్కర్లేనివాళ్ళను కూడా ఆ పుస్తకంలో రాయాలి. లేకపోతే అది ఊరి పుస్తకం కాదు, మన వాటా పుస్తకం.

మా గూడెం పుస్తకం నేను పోయిన ఏడాది మొదలుపెట్టాను. పెద్దమ్మ దగ్గర కూర్చుని ఇళ్ళు రాసుకుంటున్నాను. ఆమె ఎప్పటిలాగే వేలు చూపిస్తూ పొయ్యిలు లెక్కపెట్టింది. ఈ చివరికి వచ్చాక నేను పుస్తకం మూయబోయాను. ఆమె వేలు ఆగలేదు. వాగు అవతలికి తిరిగింది. "అవతల ఏడు ఉండేవి, ఇప్పుడు తొమ్మిది. అవి రాశావా?" అంది.

ఇన్నేళ్ళూ ఆమె లెక్కలో వాళ్ళు ఉన్నారు. నేనే అడగలేదు. మర్నాడు ఆదివారం. పుస్తకం తీసుకుని వాగు దాటాను. మొదటి గుడిసె ముందు కూర్చున్న ఆడమనిషి ఒళ్ళో పాప ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. చాలా ఏళ్ళ కిందట ఒక వర్షాకాలం నెల రోజులు బడికి రాని పిల్ల ఆమే. "పేరు చెప్పమ్మా, రాసుకుంటాను" అన్నాను. ముందు పాప పేరు చెప్పింది.